రిపోర్టు రాకముందే కృతజ్ఞత కూడిక

తన తండ్రి జబ్బు నయమైపోయిందన్న సంగతి మేనత్త ఆనందమ్మ ఫోన్ చేస్తేగాని జెస్సికాకు తెలియలేదు. ఆదివారం మధ్యాహ్నం, ఆత్మకూరులోని అద్దె ఇంట్లో, భర్త పాల్‌కు అన్నం వడ్డిస్తూ ఫోనెత్తింది. అవతల వరికుంటపాడు నుంచి మేనత్త ఏడుస్తోంది. అది సంతోషంతో ఏడుస్తున్న ఏడుపని గ్రహించడానికి జెస్సికాకు కాసేపు పట్టింది.

"దేవుడు గొప్పోడమ్మా జెస్సీ! మీ నాయన గొంతు బాగైపోయిందంట గదా. నాకొక్క మాటైనా చెప్పలేదేమే నువ్వు?"

"ఎవురు చెప్పినారత్తా?"

"ఎవురు చెప్పేదేంది, మీ ఉదయగిరి చర్చిలో అయ్యగారే ప్రకటన చేసినాడంట. వచ్చే శనివారం మీ ఇంట్లో కృతజ్ఞత కూడికంట. ఊరంతా తెలిసినాక చివరాఖరికి నాకు తెలిసింది. తోడబుట్టినదాన్ని!"

మేనత్త ఇంకో నాలుగు మాటలు నిష్ఠూరమాడి, రెండుసార్లు స్తోత్రం చెప్పి ఫోన్ పెట్టేసింది. పాల్ ఖాళీ కంచం ముందు కూర్చుని భార్య ముఖం వంక చూస్తున్నాడు.

వరదయ్య ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్లు డ్రైవరుగా చేశాడు. ఆత్మకూరు డిపో. రిటైరై సొంత ఊరు ఉదయగిరి చేరి ఎనిమిదేళ్లయింది. ఆయన గొంతు పెద్దది. హారన్ పనిచేయకపోయినా తల బయటపెట్టి ఒక్క కేక వేస్తే రోడ్డు ఖాళీ అయ్యేదని డిపోలో చెప్పుకునేవాళ్లు. అంతటి గొంతు ఈ వేసవిలో బొంగురుపోయింది. జలుబన్నారు, వడదెబ్బన్నారు, మిరియాల కషాయం తాగించారు. రెండు నెలలైనా తగ్గకపోయేసరికి జెస్సికా పట్టుబట్టి నెల్లూరు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు గొంతులోకి గొట్టం వేసి చూసి, లోపల ఏదో ఉందని చెప్పి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. వారానికి రిపోర్టు వచ్చింది. తీసిన ముక్క చాలలేదు, ఏమీ తేల్చలేము, మళ్లీ తీయాలి అన్నది దాని సారాంశం.

ఆ మళ్లీ అన్న మాట దగ్గరే బండి ఆగిపోయింది. "ఒకసారి పోయినా గదా, ఇంక పోను" అన్నాడు వరదయ్య. కూతురు బతిమాలింది, కోప్పడింది, అల్లుడితో చెప్పించింది. ఆయన ప్రతిసారీ తల ఊపేవాడు, చూద్దాంలే అనేవాడు, పేపరు తిరగేసేవాడు. నలభై రోజులు గడిచిపోయాయి.

జెస్సికా ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక ల్యాబులో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. రక్తం తీయడం, పరీక్ష చేయడం, కాగితం మడిచి కవర్లో పెట్టి ఇవ్వడం ఆమె పని. కవరు అందుకునే మనిషికంటే ముందే లోపల ఏముందో ఆమెకు తెలిసి ఉంటుంది. అలా అలవాటైన మనిషి కాబట్టి, తెలియకపోవడమంటే ఆమె భరించలేదు. నాయన గొంతులో ఉన్నది మంచిదైతే సరే, చెడ్డదైతే ఒక్కొక్క వారం ఎంత విలువైనదో ఆ ఇంట్లో మిగతా ఎవరికన్నా ఆమెకే బాగా తెలుసు. తెలిసి ఏం లాభం, మొండి మనిషిని బస్సెక్కించలేకపోతోంది.

ఇక కృతజ్ఞత కూడిక సంగతి. ఆ చుట్టుపక్కల బాప్టిస్టు కుటుంబాల్లో అది పెట్టని ఇల్లంటూ ఉండదు. కొడుక్కు ఉద్యోగం వస్తే కూడిక, కూతురు కాన్పయి తల్లీబిడ్డా ఇంటికొస్తే కూడిక, బోరులో నీళ్లు పడితే కూడిక, ఆసుపత్రి నుంచి డిశ్చార్జయితే కూడిక. అయ్యగారు వస్తారు, పాటలు పాడతారు, ఇంటివాళ్లు లేచి తమకు జరిగిన మేలు గురించి సాక్ష్యం చెబుతారు, ఆ తర్వాత మాంసం కూరతో భోజనాలు. దేవుడు పని చేసిపెట్టాడు, మేము థాంక్స్ చెప్పుకున్నాం, మీరు తిని వెళ్లండి. ఇదీ పద్ధతి. పని కాకముందే కూడిక పెట్టిన మనిషి ఆ మండలంలో ఇంతవరకూ పుట్టలేదు. అందుకని, వరదయ్యగారి ఆరోగ్యం విషయమై శనివారం కృతజ్ఞత కూడిక అని అయ్యగారు ప్రకటించగానే సంఘం మొత్తానికీ అర్థమైంది ఒక్కటే. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

జెస్సికా తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఏం చేసినావు నువ్వు?"

"ఏం చేసినా?" అంది రెబెకమ్మ. వెనక కుక్కరు విజిలేస్తోంది.

"కూడిక పెడుతుండావంట. నాయనకు బాగైందని ఊరూరా చెప్పుకుంటుండారు. ఆనందమ్మత్త ఏడుస్తా ఫోన్ చేసింది."

"బాగైందనుకుంటుండారా?" అంది రెబెకమ్మ మెల్లగా. "నేనట్టా చెప్పలేదే. కృతజ్ఞత చెప్పుకోవాలనుండాది, శనివారం రండి అయ్యా అన్నా. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలా. పొద్దున్నించి అందరూ నా చేతులు పట్టుకుంటుంటే ఎందుకబ్బా అనుకున్నా."

ఇంకెవరైనా అయితే జెస్సికా నమ్మేది కాదు. రెబెకమ్మ గురించి ఆమెకు తెలుసు కాబట్టి నమ్మింది. అంగన్‌వాడీలో ఆయాగా పాతికేళ్లు చేసిన ఆ మనిషికి తాను అనుకున్నదే అందరూ అనుకుంటారని ఒక నమ్మకం.

మంగళవారం ల్యాబుకు సెలవు పెట్టి జెస్సికా ఉదయగిరి బస్సెక్కింది. దిగి ఇంటికి నడిచేలోపల ముగ్గురు ఆపి సంతోషం చెప్పారు. ఎవరికీ అవునని చెప్పలేక, కాదని చెప్పలేక, తల మాత్రం ఊపి తప్పించుకుంది. ఇంటి ముందు మోటారు సైకిలు ఆగి ఉంది. పక్కింటి రైతు మల్లికార్జున తన తోటలో వంకాయలు గోతం నిండా తెచ్చి అరుగు మీద గుమ్మరిస్తున్నాడు.

"రామ్మా జెస్సికా. డ్రైవరన్న గొంతు బాగైందంటే మాకు పండగే గదా. శనివారం గుత్తి వంకాయ నా తరఫున" అన్నాడు ఆయన. వరదయ్య కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. ఆ నవ్వుకు కూడా గొంతులోంచి శబ్దం సరిగా రావడం లేదు.

మల్లికార్జున వెళ్లేదాకా ఆగి జెస్సికా తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాయనా, నీకు బాగైందా?"

"ఊరంతా అయిందంటుండారు గదమ్మా. ఇంతమంది అబద్ధం చెప్తారా?" అన్నాడు ఆయన గుసగుసలా. హాస్యానికే అన్నాడు. కానీ అంటూనే కుడి చెయ్యి గొంతు మీదికి పోయింది. అది జెస్సికా చూసింది.

"ఈ గురువారం నెల్లూరుకు పోదాం. అపాయింట్‌మెంటు తీసుకుంటా."

ఈ మాటకు లోపలినుంచి ఆనందమ్మ వచ్చేసింది. సంచీతో సహా వరికుంటపాడు నుంచి అప్పుడే దిగిపోయి, కూడిక అయ్యేదాకా ఉండే ఏర్పాటులో ఉంది.

"ఇంకా నెల్లూరేందే? సంఘమంతా దేవుడికి థాంక్స్ చెప్పబోతుంటే మళ్లీ గొట్టాలు, ముక్కలు అంటావా? పని చేసినావా లేదా, రసీదు చూపించు అని ఆయన్ను అడిగినట్టు ఉండదా? అవిశ్వాసమమ్మా అది. చదువుకున్నదానివి."

"మీ అత్త చెప్పింది కరెక్టే" అన్నాడు వరదయ్య. ఆనందమ్మ మాటతో ఆయన ఏకీభవించడం జెస్సికా పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం చూసి, ఇక ఈ గుమ్మంలో తన పప్పులు ఉడకవని తెలుసుకుని ఆమె వంటింట్లోకి నడిచింది.

రెబెకమ్మ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జెస్సికా పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి, రెండు రోజులుగా లోపల దాచుకున్నదంతా కుమ్మరించింది.

"నాయన ఇంక ఈ జన్మలో ఆసుపత్రి మెట్టెక్కడు. పోకుండా ఉండేదానికి ఏదో ఒక సాకు కావాల ఆయనకు. చూసి చూసి నువ్వే ఇచ్చినావు. రేపు అది చెడ్డదై, ముదిరిపోతే, అప్పుడేమంటావమ్మా? దేవుడికి థాంక్స్ చెప్పినా అంటావా?"

రెబెకమ్మ చేతులు ఆగిపోయాయి. కూతురు అన్న మాట తగలాల్సిన చోటే తగిలింది. తల్లి ముఖం చూసి జెస్సికాకు అంతలోనే బాధేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

"అది నేననుకోలా" అంది రెబెకమ్మ. "ఆయన దీన్ని అడ్డం పెట్టుకుంటాడని నాకు తట్టలా."

"అయితే కూడిక మాన్పించు. అయ్యగారికి ఫోన్ చేసి చెప్దాం."

"మాన్పించను."

"మరి?"

"నా వల్ల జరిగిన తప్పు నేనే సర్దుకుంటా. శనివారం అందరి ముందర నేనే చెప్తా."

జెస్సికా తల్లి వంక విచిత్రంగా చూసింది. రెబెకమ్మ జీవితంలో మైకు పట్టుకోలేదు. చర్చి స్త్రీల సమాజంలో నలభై ఏళ్ల సభ్యత్వం ఆమెది. ఆ నలభై ఏళ్లూ చాపలు పరచడం, చాపలు చుట్టడం, ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టడం ఆమె పని. ప్రార్థన చేయమంటే ఎవరికీ వినపడనంత మెల్లగా చేసి ఆమెన్ మాత్రం కొంచెం గట్టిగా అనేది. సాక్ష్యాలు, ప్రసంగాలు అన్నీ వరదయ్య శాఖ.

"నువ్వు చెప్తావా?"

"చెప్తా" అని ఆమె మళ్లీ బియ్యంలోకి వంగింది.

తిరుగు బస్సులో జెస్సికాకు కోపం తగ్గలేదు. నాయన భయపడటం అర్థమైంది, అత్త మూఢత్వమూ అర్థమైంది. అమ్మే అర్థం కాలేదు. ఏమీ తేలకముందు, ఏ మంచీ కనపడకముందు, దేనికి కృతజ్ఞత? ల్యాబులో ఇన్నేళ్లు చూసింది. రిపోర్టు బాగుంటే కవరు కళ్లకద్దుకుంటారు, బాగుండకపోతే నోట మాట లేకుండా పోతారు. అందులో తప్పేముందో ఆమెకు తెలియలేదు. ఆ సాయంత్రం ఇదంతా పాల్‌తో చెబితే అతను, "అత్తమ్మ తొందరపడే మనిషి కాదు గదా, చూద్దాం" అన్నాడు. చూద్దాం అనే మాటంటేనే ఆమెకు మండిపోతోందని పాపం అతనికి తెలియదు.

శనివారం పదకొండు గంటలకల్లా షామియానా కింద కుర్చీలు నిండిపోయాయి. ముందు వరసల్లో చాపల మీద ఆడవాళ్లు. మల్లికార్జున, ఆయన భార్య పెంచలమ్మ ఒక మూల కూర్చున్నారు. పెంచలమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకని ఆమెకు చేతుల కుర్చీ వేశారు. వెనక పొయ్యి మీద మాంసం ఉడుకుతూ వాసన పాటల్లోకి వస్తోంది. అయ్యగారు ప్రార్థన చేసి, పాటలు పాడించి, "ఇప్పుడు మన సహోదరుడు వరదయ్యగారు సాక్ష్యం చెబుతారు" అన్నాడు.

వరదయ్య ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ లేవబోయాడు. ఆయనకన్నా ముందు చాప మీద నుంచి రెబెకమ్మ లేచింది. నడిచి వెళ్లి అయ్యగారి దగ్గర చెయ్యి చాపింది. ఆయన ఆశ్చర్యంతో మైకు ఇచ్చాడు. ఆమె దాన్ని ఎంత దూరం పట్టుకోవాలో తెలియక నోటికి ఆనించుకుంది. సౌండు బాక్సులు కీచుమన్నాయి. పాల్ వచ్చి సరిగా పట్టించి వెళ్లాడు.

"అందరికీ వందనాలు. నాకు మాట్లాడేది రాదు. ఒక తప్పు జరిగింది. నా వల్లే జరిగింది. ఈయనకు బాగైందని మీరందరూ అనుకుంటుండారు. బాగైందో లేదో మాకు తెలీదు. ముందు తీసిన పరీక్షలో ఏమీ తేలలా. రెండోసారి ఈయన పోలా."

అయ్యగారు తలవంచుకున్నాడు. వరదయ్య సగం లేచినవాడు అలాగే కూలబడ్డాడు. ఆనందమ్మ మాత్రం ఆగలేకపోయింది.

"ఏం మాటలే రెబెకా ఇవి? మరి దేనికి పెట్టినావు కూడిక? ఏం జరిగిందని థాంక్స్ చెప్పేది?"

"అదే చెప్తుండా వదినా. కూర్చో."

రెబెకమ్మ ఆడబిడ్డను కూర్చోమనడం అదే మొదలు. ఆనందమ్మ కూర్చుంది.

"జెస్సీకన్నా ముందు నాకొక బిడ్డ ఉన్నాడు. ఏలియా. పెద్దోళ్లకు తెలుసు. నాలుగేళ్లప్పుడు వాడికి జ్వరమొచ్చి నెల్లూరులో పెట్టినాం. అప్పుడు నేను దేవుడితో ఒక మాటనుకున్నా. బిడ్డ ఇంటికొస్తే మేకను కోసి సంఘానికంతా భోజనం పెడతా, అందరి ముందర నీకు థాంక్స్ చెప్తా అని. మేకను తెచ్చి దొడ్లో కట్టేసి మరీ పోయినా. బిడ్డ రాలా. మేక మాత్రం దొడ్లోనే ఉన్నింది. నన్ను చూసినప్పుడల్లా అరిచేది."

జెస్సికా కుర్చీ అంచుకు జరిగింది. తనకొక అన్న పుట్టి పోయాడని ఆమెకు తెలుసు. ఆ పేరు ఇంట్లో వినపడటమే అరుదు. ఈ మేక సంగతి ఆమె ఎప్పుడూ వినలేదు.

"యాడాది పైన నేను చర్చి గడప తొక్కలా. నా పని చేయలేదు గదా, నేనెందుకు చెప్పాల అని. తర్వాత ఒకరోజు బట్టలుతుకుతా ఉంటే తట్టింది. వాడు నాలుగేళ్లు నా దగ్గర ఉన్నాడు. పొద్దున్నే లేచి నా కొంగు పట్టుకొని తిరిగేవాడు. పప్పులో టమాటాలు ఏరి నా కంచంలో వేసేవాడు. ఆ నాలుగేళ్లలో ఒక్కరోజు, ఒక్కరోజంటే ఒక్కరోజు, దేవుడా వీణ్ణిచ్చినందుకు థాంక్స్ అని నేను చెప్పలా. బాగైనాక చెప్తా, పెద్దోడైనాక చెప్తా అని అట్టిపెట్టుకున్నా. నాలుగేళ్లు తీసుకొని ఊరికే ఉన్నా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. మైకు రుద్దుకుని బరబరమంది.

"ఈయన నాతో నలభై రెండేళ్లు ఉండాడు. రేపు రిపోర్టు ఎట్టా వస్తాదో నాకు తెలీదు. మంచిగా రావాలని రోజూ అడుగుతుండా. ఏడ్చి అడుగుతుండా. కానీ ఈ నలభై రెండేళ్లు నాకు వచ్చేసినాయి గదా. ఏ రిపోర్టూ వాటిని వెనక్కి తీసుకోలేదు. వాటికి ఇవాళ చెప్తుండా. ఈసారి లేటు చేయదల్చుకోలా."

పాతికేళ్లు ఎవరెవరి పిల్లల ముక్కులో తుడుస్తూ, ఎవరెవరికో చాపలు పరుస్తూ వచ్చి, ఎవరూ పెద్దగా లెక్కచేయని ఆ మనిషి, అంత మందిలో, మైకు పట్టుకుని అలా నిలబడింది. జెస్సికాకు తన తల్లిని చూస్తే గర్వమేసింది. నిన్నటిదాకా అమాయకురాలని కోప్పడినందుకు సిగ్గేసింది.

"ఇంకొకటి" అంది రెబెకమ్మ. "ఈ కూడికను చూపించి ఈయన ఆసుపత్రికి పోకుండా తప్పించుకుంటుండాడు. డాక్టర్లను ఇచ్చింది కూడా దేవుడే. పోతే అవిశ్వాసమేం కాదు. ఈయనకు భయం. నాకూ భయమే. భయపడతానే పోవాల. నేను చెప్పేది అయిపోయింది. అందరూ భోంచేసి పొండి."

మైకు అయ్యగారి చేతికివ్వబోయింది. ఆ మైకును వరదయ్య అందుకున్నాడు. ఆయన ముఖం ఎర్రగా ఉంది. నలుగురిలో భయస్థుడనిపించుకున్న మగవాడు ఏం చేస్తాడోనని అందరూ చూస్తున్నారు. జెస్సికా లేచి నిలబడింది. నెల్లూరు పోతాడా పోడా అన్నది ఈ క్షణంలో తేలిపోతుందని ఆమెకు అర్థమైంది. ఇప్పుడు కాదంటే ఆయన ఇక ఎప్పటికీ కాదనే అంటాడు.

"ఈమె చెప్పింది నిజమే" అన్నాడు వరదయ్య. గొంతు గాలిలా వస్తోంది, మైకు ఉండబట్టి వినపడుతోంది. "భయమే నాకు. కానీ దేనికో ఈమెకు తెలీదు. ఏలియాకు బాగలేనప్పుడు డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి చెప్పినాడు. ఈమె బయట బల్ల మీద కూర్చోనుండాది. బయటికొచ్చి ఈమెకు చెప్పాల్సింది నేను. ఆ తలుపుకూ ఆ బల్లకూ మధ్య పది అడుగులుంటాది. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపినా గానీ, అంత దూరం నేనెప్పుడూ పోలా."

ఆయనకు దగ్గు వచ్చింది. ఎవరో నీళ్ల గ్లాసు ఇచ్చారు.

"సూదికి కాదు నా భయం, జబ్బుకూ కాదు. మళ్లీ ఆ తలుపు తీసుకొని బయటికొచ్చి ఈమె మొహం చూసి చెప్పాల్నే, దానికి. అందుకే పోలా. సోమవారం పోతాను. సంఘం ముందర మాటిస్తుండా." ఆయన భార్య వైపు తిరిగాడు. "కానీ రెబెకా, ఈసారి లోపలికి నువ్వు పో. బల్ల మీద నేను కూర్చుంటా. విని వచ్చి నువ్వే నాకు చెప్పు."

రెబెకమ్మకు మైకు అవసరం లేకపోయింది.

"ఇద్దరం పోదాం లోపలికి" అంది. "ఒకరికొకరు చెప్పుకునే పనే ఉండదు."

ఆ తర్వాత అయ్యగారు చేసిన ప్రార్థన చాలామందికి గుర్తులేదు. ఏడుస్తూ ఉన్నారు కాబట్టి వినలేదు. ఆనందమ్మ అందరికంటే ఎక్కువ ఏడ్చి, అందరికంటే ముందు లేచి, మాంసం వడ్డించే గరిటె ఎవరికీ ఇవ్వకుండా తానే పట్టుకుంది. తమ్ముడి విస్తట్లో రెండోసారి వడ్డిస్తూ, "సోమవారం నేను కూడా వస్తానురా" అంది. రసీదు మాట మళ్లీ ఎత్తలేదు.

చేతులు కడుక్కునే దగ్గర మల్లికార్జున జెస్సికాతో అన్నాడు. "మా పెంచలమ్మ మోకాళ్లు తగ్గితే పెంచలకోన గుడికి వస్తామని ఐదేళ్ల నాడు మొక్కుకున్నామమ్మా. తగ్గలా, మేం పోలా. కారు మాట్లాడుకొని ఊరికే ఒకసారి పోయిరావాల. ఎంతైనా ఇల్లు కట్టినాం, పిల్లల్ని చదివించినాం." పక్కనుంచి పెంచలమ్మ, "ఇప్పటికైనా తెలిసిందిలే" అంది.

సోమవారం ముక్క తీశారు. రిపోర్టుకు తొమ్మిది రోజులన్నారు. ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో ఏ అద్భుతమూ జరగలేదు. వరదయ్య రెండు రాత్రులు నిద్రపోలేదు, ఒక పూట పెళ్లాం మీద అరవబోయి గొంతు రాక మానుకున్నాడు. రెబెకమ్మ ఒకనాడు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. విశ్వాసమున్న ఇంట్లో భయం ఉండదనుకునేవాళ్లు ఆ ఇంటికి వచ్చి చూడాల్సింది. భయం ఉంది. దానికి కూడా ఒక పీట వేసి, ఇద్దరూ రోజూ పొద్దున మోకరించి లేచి, గేదెకు గడ్డి వేసి, వాకిలి ఊడ్చుకుని, ఆ రోజు పని ఆ రోజు చేసుకున్నారు.

పదో రోజు జెస్సికాతో కలిసి ఇద్దరూ నెల్లూరులో డాక్టరు గది ముందు కూర్చున్నారు. రిపోర్టు అప్పటికే లోపలికి వెళ్లింది. ఆ పరీక్షలు చేసే చోట జెస్సికాకు తెలిసిన అమ్మాయి ఉంది. ఒక్క ఫోన్ చేస్తే నిన్నే తెలిసేది. నిన్న రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుంది. చేయలేదు. వాళ్లిద్దరికంటే ముందు తెలుసుకోవడం ఎందుకో దొంగతనమనిపించింది.

"వరదయ్య" అని నర్సు పిలిచింది. ముగ్గురూ లేచారు. "పేషెంటు కాక ఒక్కరే రావాలమ్మా" అందామె.

కాగితంలో ఉన్నది చదివి అర్థం చేసుకోగలిగింది ముగ్గురిలో జెస్సికా ఒక్కతే. అయినా ఆమె వెనక్కి తగ్గి బల్ల మీద కూర్చుంది. వరదయ్య చెయ్యి వెనక్కి చాపాడు, రెబెకమ్మ పట్టుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది.

ఏం చేయాలో జెస్సికాకు తోచలేదు. బాగుండాలని అడిగింది. అదే మాట మళ్లీ మళ్లీ అడిగింది. అడగడం అయిపోయాక, తల్లి చెప్పినట్టు, ఇప్పటిదాకా వచ్చినవాటికి చెప్పుకుందామనుకుంది. మొదటినుంచి మొదలుపెట్టింది. ఇంజను పక్కన, డ్రైవరు సీటు వెనక కూర్చోబెట్టుకుని నాయన బడికి తీసుకుపోయిన రోజులు. బడి గేటు ముందర బస్సాపి, ప్యాసింజర్లు అరుస్తున్నా తాను లోపలికి పోయేదాకా చూసేవాడు. ఒకసారి టిఫిన్ డబ్బా మర్చిపోతే ఆయన కేక ఐదో తరగతి గదిదాకా వినపడి పిల్లలంతా నవ్వారు. ఆరోజు సిగ్గుతో ఏడ్చింది. ఇప్పుడు ఆ కేకకు థాంక్స్ చెప్పింది. ఆ సాయంత్రం అమ్మ జడ వేస్తూ నవ్వినందుకు చెప్పింది. ఆరో తరగతిలో కామెర్లు వచ్చినప్పుడు పక్కనే ఇద్దరూ మేలుకుని ఉన్నందుకు చెప్పింది.

తలుపు గొళ్లెం చప్పుడైంది. చెప్పుకోవాల్సిన వాటిలో జెస్సికా ఇంకా పదో తరగతి దాకా కూడా రాలేదు.